వయసు మీద పడిందని వదిలేయకండి

ఆరోగ్య పాఠం: బలహీనపడిన పెద్దలకు మెరుగైన వైద్యం



ఈ పాఠం మన ఇళ్ళలోని పెద్దల గురించి. బీపీకి, షుగరుకు, మోకాళ్ళ నొప్పికి మందులు ఉన్నాయని అందరికీ తెలుసు. అయితే ఈ జబ్బులన్నీ ఒకే మనిషిలో చేరి, ఆ మనిషి ఒంట్లో శక్తి కూడా తగ్గిపోయినప్పుడు వైద్యం ఎలా ఉండాలన్నది చాలామందికి తెలియదు. "వయసు మీద పడింది, ఇక ఇంతే" అని సరిపెట్టుకుంటారు. ఈ మాట ఎంతోమంది పెద్దలను అవసరం లేకుండా మంచాన పడేస్తోంది. కనుక ఈ పాఠాన్ని ఇంట్లో అందరూ కలిసి చదవండి. చదువు రాని పెద్దలుంటే పైకి చదివి వినిపించండి.

ఒక ఉదాహరణ

జనగామ దగ్గరి పల్లెలో 76 ఏళ్ళ అవ్వ ఒకామె ఉందనుకుందాం. రెండేళ్ళ క్రితం వరకు పత్తి ఏరడానికి కూలికి పోయింది. కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడుపుతాడు. కోడలు, మనవడు ఊళ్ళో ఆమెతోనే ఉంటారు. అవ్వకు బీపీకి రెండు గోలీలు, షుగరుకు ఒకటి, నిద్రకు ఒకటి ఉన్నాయి. మోకాళ్ళు నొప్పి పెడితే ఊరి ఆర్ఎంపీ దగ్గర ఇంకో గోలీ తెచ్చుకుంటుంది. ఆరు నెలలుగా అన్నం సగం తిని కంచం పక్కన పెడుతోంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఒక రాత్రి మూత్రానికి లేచి చీకట్లో పడిపోయింది. తెల్లారేసరికి మాట తికమకగా ఉంది. కోడలిని చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలుస్తోంది. ఇరుగుపొరుగు వాళ్ళు ఒకరు "గాలి సోకింది" అన్నారు, ఇంకొకరు "మతి పోయింది, ఇక ఎన్నాళ్ళులే" అన్నారు. జ్వరం లేదు, కడుపు నొప్పి లేదు. అందుకని రెండు రోజులు ఇంట్లోనే ఉంచారు.

మూడో రోజు దవాఖానకు తెచ్చాక ఏం జరగవచ్చు? ఒక దారి ఇది: సెలైన్ పెడతారు, మూత్రానికి పైపు వేస్తారు, రాత్రి అరుస్తోందని నిద్ర సూది ఇస్తారు, పడిపోతుందని మంచం దిగనివ్వరు. వారం తిరిగేసరికి నడుము కింద పుండు పడుతుంది, కాళ్ళు నిలబడవు. ఇంటికి మోసుకుపోతారు.

రెండో దారి వేరు. మూత్రం పరీక్ష చేస్తే ఇన్‌ఫెక్షన్ బయటపడుతుంది. రక్తంలో షుగరు, సోడియం చూస్తారు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ కొలుస్తారు. తుంటి ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదని తేల్చుకుంటారు. ఇంటి నుంచి గోలీలన్నీ తెప్పించి, వేటిని ఆపాలో, వేటిని తగ్గించాలో డాక్టరు నిర్ణయిస్తారు. మొదటి రోజే కుర్చీలో కూర్చోబెడతారు. రెండో రోజు కోడలి చెయ్యి పట్టుకుని బాత్రూం దాకా నడుస్తుంది. "నీకు ఏం కావాలి అవ్వా?" అని అడిగితే, "గీ మంచంల పడుడు నాకొద్దు బిడ్డా. నా కాళ్ళ మీద నేను బయటికి పోతె చాలు" అంటుంది. వారంలోపు చేతికర్రతో ఇంటికి నడిచి వెళ్తుంది.

అవ్వ ఒకతే, జబ్బూ ఒకటే. రెండు దారుల మధ్య తేడా ఖరీదైన యంత్రాల వల్ల రాలేదు. మనిషిని మొత్తంగా చూడడం వల్ల వచ్చింది.

వృద్ధాప్య బలహీనత అంటే ఏమిటి?

వయసు వేరు, బలహీనత వేరు. 85 ఏళ్ళకూ చేను చుట్టి వచ్చేవారున్నారు, 65కే గడప దాటలేనివారున్నారు. ఒంట్లోని కండ, గుండె, కిడ్నీలు, మెదడు, వీటన్నిటిలో దాచుకున్న శక్తి తరిగిపోయి, చిన్న దెబ్బకే మనిషి కూలిపోయే స్థితిని వైద్యులు వృద్ధాప్య బలహీనత అంటారు. నూనె తక్కువైన దీపం చిన్న గాలికే రెపరెపలాడుతుంది కదా, అలాంటిదే ఇది.

2001లో అమెరికా వైద్యురాలు లిండా ఫ్రీడ్, ఆమె సహచరులు దీనికి ఐదు గుర్తులు చెప్పారు. వాటిని మన ఇళ్ళలో ఇలా గమనించవచ్చు.

1. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం. ఏడాదిలో నాలుగున్నర కిలోలు తగ్గితే జాగ్రత్త పడాలి. గాజులు, రవిక, మొలతాడు వదులవడం దీనికి గుర్తు.
2. ఎప్పుడూ అలసటగా ఉండడం. ఏ పని మొదలుపెట్టినా ఆయాసమనిపించడం.
3. చేతి పట్టు తగ్గడం. తడి బట్ట పిండలేకపోవడం, సీసా మూత తీయలేకపోవడం.
4. నడక నెమ్మదించడం.
5. కదలిక తగ్గడం. రోజంతా అరుగు మీదో మంచం మీదో ఉండిపోవడం.

వీటిలో మూడు లేదా ఎక్కువ ఉంటే బలహీనత వచ్చినట్టు. ఒకటి, రెండు ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. ఈ దశలో మేలుకుంటే చాలావరకు వెనక్కి మళ్ళించవచ్చు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. కుర్చీలో కూర్చున్న పెద్దవారిని లేచి, మూడు మీటర్లు, అంటే సుమారు పది అడుగులు, మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోమనండి. చేతికర్ర వాడేవారు కర్రతోనే నడవవచ్చు. దీనికి 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉందని అర్థం. డాక్టరుకు చెప్పండి. పరీక్ష చేసేటప్పుడు ఒకరు పక్కనే ఉండాలి.

పెద్దల్లో జబ్బు వేషం మార్చుకుని వస్తుంది

వయసులో ఉన్నవారికి న్యుమోనియా వస్తే జ్వరం, దగ్గు కనబడతాయి. బలహీనపడిన పెద్దలకు జ్వరమే రాకపోవచ్చు. అన్నం మానేయడం, మాటిమాటికి పడిపోవడం, మబ్బుగా ఉండడం, మాట తికమక కావడం, ఇవే గుర్తులు కావచ్చు. గుండెపోటు కూడా ఛాతీ నొప్పి లేకుండా, ఆయాసంగానో నీరసంగానో రావచ్చు.

ముఖ్యంగా ఇది గుర్తుంచుకోండి. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మతి తికమకైతే అది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు, మతిమరుపు జబ్బు కూడా కాకపోవచ్చు. మతిమరుపు జబ్బు నెలల తరబడి మెల్లగా వస్తుంది. హఠాత్తుగా వచ్చేదాన్ని డెలీరియం అంటారు. ఇన్‌ఫెక్షన్, నీరు తగ్గడం, సోడియం తగ్గడం, షుగరు పడిపోవడం, మలబద్ధకం, మూత్రం బిగబట్టడం, మందుల ప్రభావం, వీటిలో ఏదో ఒకటి వెనుక ఉంటుంది. కారణం కనిపెట్టి సరిచేస్తే చాలామంది తేరుకుంటారు. మంత్రగాడి దగ్గర, తాయెత్తు దగ్గర పోయే ప్రతి రోజూ ప్రాణం మీదికి తెస్తుంది.

నాలుగు విషయాలు చూడాలి

2017 నుండి అమెరికాలో కొన్ని ఆసుపత్రులు పెద్దల వైద్యాన్ని నాలుగు విషయాల చుట్టూ నడపడం మొదలుపెట్టాయి. ఇవి ఏ ఊరి దవాఖానలోనైనా చేయదగ్గవే.

మొదటిది, వారికి ఏది ముఖ్యం. కొడుకును, కోడలిని కాదు, ముందు ఆ పెద్దమనిషినే అడగాలి. ఒకరికి నొప్పి తగ్గితే చాలు. ఒకరికి మనవరాలి పెళ్ళి చూడాలి. ఒకరికి ఇంకొకరి చేత స్నానం చేయించుకోకుండా ఉండాలి. ఆ మాటను బట్టే ఏ పరీక్ష అవసరమో, ఏ ఆపరేషన్ అవసరమో తేలుతుంది.

రెండవది, మందులు. ఒక్కో డాక్టరు ఒక్కో జబ్బుకు రాస్తూ పోతే గోలీలు పేరుకుపోతాయి. అల్ప్రాజోలామ్, డయాజిపామ్ వంటి నిద్ర గోలీలు పెద్దలను పడేస్తాయి, మతి తికమక చేస్తాయి. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్ వంటివి కూడా మబ్బు కమ్మిస్తాయి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి గోలీలు రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి, కడుపులో రక్తస్రావం కావచ్చు. షుగరుకు వాడే గ్లిబెన్‌క్లమైడ్ వంటి గోలీ వేసుకుని అన్నం తినకపోతే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. బలహీనపడినవారిలో షుగరును మరీ కిందికి తేవలసిన పని లేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష 8 లోపు ఉంటే సాధారణంగా చాలు. లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లో పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోతే, మందులు మరోసారి చూడాలి.

హెచ్చరిక: ఇది చదివి మీ అంతట మీరు ఏ గోలీనీ ఆపకండి. నిద్ర గోలీలను హఠాత్తుగా మానేస్తే ప్రమాదం. ఇంట్లో ఉన్న గోలీలు, టానిక్కులు, నాటు మందులు, అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. "వీటిలో ఏది ఆపవచ్చు సార్?" అని అడగండి. అలా అడగడం తప్పు కాదు.

మూడవది, మనసు. మతిమరుపు, దిగులు, డెలీరియం, మూడింటినీ గమనించాలి. భర్త పోయాక తిండి మానేసిన తల్లికి "ముసలితనం" అని పేరు పెట్టకండి. దిగులుకు వైద్యం ఉంది.

నాలుగవది, కదలిక. మంచం పెద్దలకు విశ్రాంతి కంటే నష్టమే ఎక్కువ చేస్తుంది. 2007లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న పెద్దలు పది రోజులు మంచం మీదే ఉంటే, ఒక్క కాళ్ళలోనే సుమారు కిలో కండ తరిగింది. జబ్బుతో ఉన్న మనిషి గతి ఏమిటో ఆలోచించండి. డాక్టరు వద్దనకపోతే పూటకు ఒకసారైనా మంచం దింపి కూర్చోబెట్టాలి, నడిపించాలి.

ఈ ఆలోచన ఎక్కడిది?

1935లో లండన్ పశ్చిమ భాగాన ఒక ఆసుపత్రికి, పక్కనే ఉన్న బీదల ఆశ్రమ వార్డులను అప్పగించారు. అక్కడ 700కు పైగా మంచాలు. చాలామంది వృద్ధులు ఏ జబ్బో ఎవరూ తేల్చకుండానే ఏళ్ళ తరబడి పడుకుని ఉన్నారు. మార్జరీ వారెన్ అనే వైద్యురాలు ఒక్కొక్కరినీ పరీక్షించింది. జబ్బు పేరు తేల్చింది, లేపింది, నడిపించింది. ఎంతోమంది ఇళ్ళకు వెళ్ళారు. వృద్ధుల వైద్యానికి ఆమెను తల్లిగా చెబుతారు. మన దేశంలో 1978లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ వృద్ధుల కోసం ప్రత్యేక ఓపీ మొదలుపెట్టారు.

ఇంటి మనిషే సగం నర్సు

మన దవాఖానల్లో రోగి పక్కన ఎప్పుడూ ఇంటి మనిషి ఒకరుంటారు. ఇది మనకున్న గొప్ప బలం. 1999లో అమెరికాలోని యేల్ ఆసుపత్రి వైద్యులు 70 ఏళ్ళు దాటిన 852 మంది రోగులపై చేసిన పరిశోధన ఇందుకు సాక్ష్యం. మామూలు వైద్యం పొందినవారిలో నూటికి 15 మందికి డెలీరియం వచ్చింది. కొన్ని చిన్న పనులు అదనంగా చేసినచోట అది నూటికి 10 మందికి తగ్గింది. ఆ పనులు ఇవి. రేపు మీరు పెద్దలకు తోడుగా ఆసుపత్రిలో ఉంటే చేయండి.

- కళ్ళద్దాలు, చెవి మిషను, కట్టుడు పళ్ళు ఇంటి నుంచి తెచ్చి పెట్టండి.
- ఈ రోజు ఏ వారం, ఎక్కడ ఉన్నాం, ఎవరు వచ్చారు, ఇవన్నీ నెమ్మదిగా చెబుతూ మాట్లాడండి.
- గంటగంటకు నాలుగు గుక్కల నీళ్ళు తాగించండి. నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే ఆ మాట పాటించండి.
- పగలు కిటికీ తెరిచి వెలుతురు రానివ్వండి. రాత్రి దీపాలు, టీవీ, సెల్‌ఫోను శబ్దం తగ్గించండి. నిద్ర పట్టకపోతే వేడి పాలు ఇచ్చి, వీపు నిమరండి.
- నర్సును అడిగి, చెయ్యి పట్టుకుని నడిపించండి.
- మూత్రం పైపు ఉంటే "ఇది ఇంకా అవసరమా సిస్టర్?" అని రోజూ అడగండి.

ఇంట్లో ఏం చేయాలి?

తిండి: పెద్దలకు పలుచటి గంజి, బిస్కెట్లు, చాయ్ సరిపోవు. కండ నిలవాలంటే కిలో బరువుకు రోజుకు 1 నుండి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి 50 నుండి 60 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 లేదా 7, గుప్పెడు పప్పులో 7 గ్రాముల దాకా ఉంటాయి. పప్పు, పెరుగు, గుడ్డు, చేపలు, పల్లీల పొడి పూటపూటకూ పంచి పెట్టండి. పళ్ళు లేకపోతే మెత్తగా ఉడికించండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తినాలి.

నడక: కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, రోజుకు రెండు పూటలా, చేతనైనన్నిసార్లు. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం. సాయంత్రం వాడలో కొంత నడక.

ఇల్లు: మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి చిన్న బల్బు వెలగాలి. తడి బండల మీద గరుకు పట్టా వేయండి. గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. కింద కూర్చునే లెట్రిన్ కష్టమైతే కమోడ్ కుర్చీ కొనండి. జారే చెప్పులు తీసేయండి.

కన్ను, చెవి: శుక్లం వల్ల చూపు మసకబారిన మనిషి పడక మానడు. చెవిలో గులిమి గడ్డకట్టినా వినపడదు. రెండూ ఏడాదికొకసారి చూపించండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా అప్పుడే అడగండి.

వెంటనే తీసుకురావలసిన గుర్తులు

- ఒక్క రోజులో మాట, మతి మారడం
- మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం
- పడిన తర్వాత కాలు మోపలేకపోవడం, కాలు పొట్టిగా కనబడడం
- కొత్తగా వచ్చిన ఆయాసం, ఛాతీ నొప్పి, నల్లటి విరేచనం
- రెండు పూటలు ఏమీ తినకపోవడం, తాగకపోవడం, మూత్రం రాకపోవడం

108కు ఫోను చేయండి. తుంటి విరిగితే నాటు కట్టు కట్టించి నెలల తరబడి పడుకోబెట్టవద్దు. శరీరం తట్టుకోగలిగితే సాధ్యమైనంత త్వరగా, రెండు రోజుల్లోపు ఆపరేషన్ చేయించి లేపడమే మేలు. ఆలస్యమైతే న్యుమోనియా, పుండ్లు ప్రాణం తీస్తాయి.

మనకు అందుబాటులో ఉన్నవి

2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 ఏళ్ళు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వారి కోసం కేంద్ర ప్రభుత్వం 2010-11లో వృద్ధుల ఆరోగ్య జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకు ఓపీ, 10 పడకల వార్డు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికొక క్లినిక్ ఉండాలన్నది దాని ఏర్పాటు. మీ కేంద్రంలో ఏ రోజు చూస్తారో ఆశా కార్యకర్తను అడగండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెద్దలకు వేరే లైను ఉండాలి.

ఒకప్పుడు పెద్ద జబ్బంటే వరంగల్ ఎంజీఎం దాకా పోవలసి వచ్చేది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. కార్డు వివరాలు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర తెలుసుకోండి. సింగరేణిలో రిటైరైనవారు సంస్థ వైద్య పథకం కార్డును వెంట తెచ్చుకోవాలి.

పెద్దలను కొట్టినా, వదిలేసినా, సలహా కావాలన్నా 14567కు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఈ ఎల్డర్ లైన్‌కు 2017లో తొలి అడుగు పడింది మన హైదరాబాద్‌లోనే. 2021లో దేశమంతటికీ విస్తరించింది.

నయం కానప్పుడు

అందరూ లేచి నడుస్తారని మేము చెప్పడం లేదు. కొందరిలో ఎంత చేసినా శక్తి తరుగుతూనే ఉంటుంది. అప్పుడు ఇంకో సెలైన్, ఇంకో స్కానింగ్, ఇంకో అప్పు వారికి మేలు చేయకపోవచ్చు. ఆ సమయంలో నొప్పి లేకుండా, ఆయాసం లేకుండా, పుండ్లు పడకుండా, తమవారి మధ్య ఉండేలా చూడడమూ వైద్యమే. దీన్ని పాలియేటివ్ కేర్ అంటారు. రాష్ట్రంలో ప్రభుత్వం "ఆలన" పేరుతో ఈ సేవలు అందిస్తోంది. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. పెద్దవారి కోరిక ఏమిటో మతి బాగున్నప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. మాట్లాడితే చావు వస్తుందని భయపడకండి. మాట్లాడని ఇంట్లోనే చివరి రోజున గొడవలు వస్తాయి.

సంఘ కుటుంబాలకు ఒక మాట. పిల్లలు పట్నం పోయి, ఒంటరిగా ఉంటున్న పెద్దలు ప్రతి వాడలో ఉన్నారు. ఆదివారం మందిరంలో వారి చోటు ఖాళీగా కనబడితే ఆ సాయంత్రమే వెళ్ళి చూడండి. పొయ్యి వెలిగిందా, గోలీలు సరిగా వేసుకున్నారా, లేచి నడవగలుగుతున్నారా, ఈ మూడు చూసి రండి. చాలా జబ్బులు దవాఖాన కంటే ముందు అక్కడే దొరుకుతాయి.

పునశ్చరణ ప్రశ్నలు

1. వృద్ధాప్య బలహీనతకు ఐదు గుర్తులు ఏవి? మీ ఇంట్లో పెద్దవారికి ఎన్ని ఉన్నాయి?
2. మతి హఠాత్తుగా తికమకైతే మొదట ఎక్కడికి తీసుకుపోవాలి? ఎందుకు?
3. మీ ఇంటి పెద్దలు రోజుకు ఎన్ని గోలీలు వేసుకుంటున్నారు? ఏది దేనికో మీకు తెలుసా?
4. ఆసుపత్రిలో తోడున్న మనిషి చేయగల నాలుగు పనులు చెప్పండి.
5. "నీకు ఏది ముఖ్యం?" అని మీ అమ్మను, నాయనను, అత్తమ్మను, మామయ్యను ఎప్పుడైనా అడిగారా?

ఐదో ప్రశ్నకు జవాబు ఈ కాగితంలో దొరకదు. ఈ రాత్రి భోజనాల దగ్గర వారినే అడగండి.